40 గజాల పరుగు ఒక్కటే చాలదు

మీరే సెలెక్టర్ అనుకోండి. మీ ముందు ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. ఇద్దరూ అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ ఆడినవాళ్లే. ఇద్దరూ లైన్‌బ్యాకర్లే. మొదటివాడు ఆరడుగుల రెండంగుళాల పొడగరి. ఆ ఏడాది దేశంలో ఉత్తమ కాలేజీ లైన్‌బ్యాకర్‌కు ఇచ్చే బట్‌కస్ అవార్డు అతనిదే. పరుగు పరీక్షలో 40 గజాలు 4.56 సెకన్లలో దాటేశాడు. రెండోవాడిది అంత పేరు లేని కాలేజీ. పైగా అందరినీ ఒకచోట చేర్చి పరీక్షించే సమయానికి న్యుమోనియాతో మంచం పట్టాడు.

ఎవరిని తీసుకుంటారు?

నేనైతే మొదటివాణ్నే తీసుకునేవాణ్ని. మీరూ అంతే అనుకుంటా. సియాటిల్ సీహాక్స్ అనే ప్రొఫెషనల్ జట్టు కూడా 2009లో అదే చేసింది. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీకి చెందిన ఆ కుర్రాడు ఆరన్ కర్రీని డ్రాఫ్ట్‌లో నాలుగో పిక్‌గా తీసుకుంది. మూడో సీజన్ వచ్చేసరికి, నాలుగో రౌండ్‌లో వచ్చిన కె.జె. రైట్ అనే కొత్త కుర్రాడికి అతని చోటు దక్కింది. సీజన్ మధ్యలోనే కర్రీని వేరే జట్టుకు పంపేశారు.

రెండోవాడు యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన బాబీ వాగ్నర్. తమాషా ఏంటంటే, 2012లో అతన్ని తీసుకున్నదీ ఇదే సియాటిల్ జట్టు. కాకపోతే 47వ పిక్‌గా. వాగ్నర్ అక్కడే వరుసగా పది సీజన్లు ఆడాడు. సూపర్ బౌల్ గెలిచాడు. లీగ్ మొత్తంలో ఏటా ఎంపిక చేసే అత్యుత్తమ జట్టులో ఆరుసార్లు చోటు సంపాదించాడు.

'ఇది కెరియర్ పేజీ కదా, ఈ అమెరికా ఆట గోల మాకెందుకు?' అంటారా? ఒక్క నిమిషం ఆగండి. కోట్ల డాలర్ల జీతం ఇచ్చే ముందు ఒక కాలేజీ కుర్రాణ్ని ఎలా తూకం వేస్తారో చూస్తే, రేపు మిమ్మల్ని తూకం వేసే పద్ధతిలో ఏది సరైనదో, ఎక్కడ లోపం ఉందో మీకే తెలుస్తుంది.

నాకు ఈ ఆట ఎలా తగిలిందంటే...

నేను ఆట చూసి ఇటు రాలేదు, డేటా చూసి వచ్చాను. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా 'బిగ్ డేటా బౌల్' పేరుతో పోటీ పెడుతుంది. ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో చిప్‌లు ఉంటాయి. ఎవరు ఎక్కడున్నారు, ఎంత వేగంతో, ఎటువైపు వెళ్తున్నారు అన్నది సెకనుకు పదిసార్లు నమోదవుతుంది. ఆ డేటాను కాగుల్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. నేనూ తీసుకున్నా. 'వేగంగా కదిలే లైన్‌బ్యాకరే మంచి లైన్‌బ్యాకర్' అనుకుని రెండు వారాలు కుస్తీ పట్టా. నా మోడల్ ఒక్క ఫలితాన్నీ సరిగ్గా చెప్పలేకపోయింది.

డాలస్‌లో ఉండే నా బీటెక్ రూమ్మేట్‌కు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నా. వాడు నవ్వాడు. "ఒరేయ్, ఎంత స్పీడుగా పరిగెత్తాడో చూస్తున్నావు. ఎటు పరిగెత్తాడో చూశావా? తప్పు దిక్కుకి స్పీడుగా పోతే ఏం లాభం రా?" అన్నాడు.

ఆ మాటతో కోడ్ పక్కన పెట్టి వీడియోలు చూడటం మొదలుపెట్టాను.

ముందు ఆ ఉద్యోగం ఏంటో చూడండి

మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది. ఇది వేరు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతూ, లేదంటే విసురుతూ ముందుకు తీసుకెళ్లాలి. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వాళ్లను ఆపే జట్టులో ముందు వరుసన భారీకాయులు నిలబడతారు. వాళ్ల వెనక నాలుగైదు గజాల దూరంలో ఉండేవాడే లైన్‌బ్యాకర్.

బంతి కదిలిన మరుక్షణం అతను ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. వీళ్లు పరుగెత్తబోతున్నారా, విసరబోతున్నారా? పరుగైతే ముందుకు దూకాలి. విసిరేదైతే వెనక్కి తగ్గి ఖాళీ జాగా కాపాడాలి. అవతలివాళ్లు ఊరుకుంటారా? బంతిని పరుగెత్తేవాడి చేతిలో పెట్టినట్టే నటించి, వెనక్కి లాక్కుని విసిరేస్తారు. దీన్ని 'ప్లే యాక్షన్' అంటారు. బంతినే చూసే లైన్‌బ్యాకర్ రెండడుగులు ముందుకేసి దొరికిపోతాడు. ఆట తెలిసినవాడు ఎదురుగా ఉన్న గార్డ్ అనే ఆటగాడి అడుగులు కూడా చూసి ముందే పసిగడతాడు. క్రికెట్లో మంచి కీపర్ చేసేదీ ఇదే కదా. బంతి పిచ్ మీద పడి తిరిగేదాకా ఆగడు. స్పిన్నర్ మణికట్టు చూసే సిద్ధమవుతాడు.

ఇంకో బాధ్యత కూడా ఉంది. 2008 నుంచి ఆపే జట్టులో ఒకరి హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే స్పీకర్ పెడుతున్నారు. చాలా జట్లలో ఆ హెల్మెట్ మధ్యలో ఉండే లైన్‌బ్యాకర్‌దే. గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ స్పీకర్ ఆగిపోతుంది. ఆ తర్వాత ప్రత్యర్థులు అటూ ఇటూ మారి నిలబడితే మిగతా పదిమందినీ సర్దాల్సింది అతనే.

అంటే ఈ ఉద్యోగంలో సగం చదవడం, సగం పరుగెత్తడం. ఆ మొదటి సగం స్టాప్‌వాచ్‌లో ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి?

పరీక్షకు చదివినవాడు, పనికి చదివినవాడు

ఏటా డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్‌లో 'కంబైన్' జరుగుతుంది. మూడొందల మందికి పైగా కాలేజీ ఆటగాళ్లను పిలుస్తారు. ఎత్తు, బరువు, చేతి పొడవు, అరచేయి కొలుస్తారు. 40 గజాల పరుగు, నిలబడి పైకి ఎగరడం, 102 కిలోల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడన్నది చూస్తారు. డాక్టర్లు పరీక్షిస్తారు. జట్లు ఇంటర్వ్యూలు చేస్తాయి. మన క్యాంపస్ డ్రైవ్ లాంటిదే, కొంచెం చెమట ఎక్కువ.

2022 వరకు అక్కడ 'వండర్లిక్' అని ఒక ఆప్టిట్యూడ్ పరీక్ష కూడా ఉండేది. 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు. అచ్చం మన ఆన్‌లైన్ టెస్టుల్లాగే. దశాబ్దాలపాటు పెట్టి, చివరికి కంబైన్ నుంచి దాన్ని తీసేశారు.

పరీక్ష అన్నాక దానికి కోచింగ్ కూడా పుడుతుంది. 1995లో బోస్టన్ కాలేజీకి చెందిన మైక్ మముల ఇందుకు పెట్టింది పేరు. కంబైన్‌లో ఏమేం పెడతారో ముందే తెలుసుకుని, వాటినే ప్రత్యేకంగా సాధన చేసి వెళ్లాడు. అంకెలు అదిరిపోయాయి. ఫిలడెల్ఫియా ఈగిల్స్ డ్రాఫ్ట్‌లో తన వంతును ముందుకు జరుపుకుని మరీ అతన్ని ఏడో పిక్‌గా తీసుకుంది. మముల చెడ్డ ఆటగాడేం కాదు, కొన్నేళ్లు ఫర్వాలేదనిపించాడు. కానీ అదే డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌గా వెళ్లిన వారెన్ శాప్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు.

మముల చేసింది తప్పని నేను అనను. పరీక్ష ఉన్నప్పుడు దానికి తయారవ్వాల్సిందే. తప్పు ఆ అంకెల్నే ఆట అనుకున్నవాళ్లది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఫైనల్ ఇయర్‌లో మూడు నెలలు ఆప్టిట్యూడ్ తప్ప వేరే ధ్యాస లేదు నాకు. రైళ్లు, పడవలు, పైపులు-ట్యాంకులు అన్నీ బట్టీ. మొదటి డ్రైవ్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. చేరిన తొలి వారంలో ఎవరో రాసిన వేల లైన్ల కోడ్ నా ముందు పెట్టి, "ఇందులో బగ్ ఎక్కడుందో చూడు" అన్నారు. చూశా. చూస్తూనే ఉన్నా. నాలుగేళ్లలో నేను కోడ్ రాశానే గానీ ఇంకొకళ్ల కోడ్ కుదురుగా కూర్చుని చదివిందే లేదు. 40 గజాలు బాగా పరిగెత్తాను, ఆట చదవడం రాలేదు. ఆ ప్రొబేషన్ ఆర్నెల్లు ఎలా గడిచాయో నాకే తెలుసు.

టేప్‌లో ఏం చూస్తారు?

మంచి స్కౌట్ కంబైన్ కన్నా ముందే టేప్ చూస్తాడు. టేప్ అంటే కాలేజీ మ్యాచుల వీడియో. టీవీలో మనకు కనిపించే కోణం కాదు, మైదానంలో ఉన్న 22 మందీ ఒకేసారి కనిపించే కోణం. లైన్‌బ్యాకర్ విషయంలో చూసేవి ఇవి: బంతి కదలగానే మొదటి అడుగు ఎటు పడింది? మోసపోతే ఎంత తొందరగా తేరుకున్నాడు? ఎదురొచ్చిన భారీకాయుణ్ని చేతులతో విదిలించుకున్నాడా, చుట్టూ తిరిగి వెళ్లాడా? ఒళ్లంతా అలసిపోయిన నాలుగో క్వార్టర్‌లో కూడా అలాగే ఆడుతున్నాడా? బలమైన కాలేజీ మీద ఎలా ఆడాడు?

ట్యాకిళ్ల సంఖ్య చూసి మురిసిపోరు. ప్రత్యర్థిని ఒక గజం దగ్గర పడగొట్టినా ట్యాకిలే, ఎనిమిది గజాలు పోనిచ్చి పడగొట్టినా ట్యాకిలే. లెక్కలో రెండూ ఒకటే. పైగా ముందు వరుసవాళ్లు దిట్టలైతే వెనకున్న లైన్‌బ్యాకర్ పని సులువైపోతుంది. అందుకే 'నూట ఇరవై ట్యాకిళ్లు' అనే అంకె కన్నా, అవి ఎక్కడ, ఎలా వచ్చాయన్నదే ముఖ్యం.

మీ రెజ్యూమెలో 12 ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఉన్నాయా? అవి ఎనిమిది గజాల ట్యాకిళ్లు కావు కదా, ఒకసారి చూసుకోండి.

ఇంటర్వ్యూ గదిలో ఇంకో పద్ధతి ఉంది. కుర్రాడి పాత మ్యాచ్ క్లిప్ ఒకటి వేస్తారు. "ఇక్కడ నీ పని ఏంటి? నీ పక్కవాడి పని ఏంటి? ఎందుకు తప్పింది?" అని అడుగుతారు. బోర్డు మీద గీసి చూపించమంటారు. తన పని మాత్రమే బట్టీ పట్టినవాడు రెండో ప్రశ్న దగ్గరే తడబడతాడు.

ఇది మనకు కొత్తేం కాదు. నలుగురు కలిసి చేసిన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు సంగతి గుర్తు తెచ్చుకోండి. చేసింది ఒక్కడు, రెజ్యూమెలు నాలుగు! "మేం చేశాం" అని మొదలుపెట్టిన అభ్యర్థిని "అందులో మీరు చేసింది ఏంటి?" అని అడగ్గానే గది నిశ్శబ్దమైపోతుంది. ఇప్పుడు మా ఆఫీసులో ఇంటర్వ్యూ ప్యానెల్లో అప్పుడప్పుడు నేనూ కూర్చుంటున్నా. ఆ నిశ్శబ్దం చాలాసార్లు విన్నా.

అంకెలు వద్దంటున్నానా?

లేదు. ఇక్కడ చాలామంది కెరియర్ గురువులు చెప్పే తీపి కబురు నేను చెప్పను. 'సీజీపీఏ అంకె మాత్రమే, టాలెంట్ ఉంటే చాలు' అనడం తేలిక. వాగ్నర్ కథ మళ్లీ చూడండి. అతను కంబైన్ తప్పిపోయి ఊరుకోలేదు. జబ్బు తగ్గాక కాలేజీ దగ్గర జరిగే 'ప్రో డే'లో స్కౌట్ల ముందు పరుగెత్తాడు. 4.5 సెకన్ల లోపే 40 గజాలు దాటాడు. అంకె కూడా చూపించాడు. టేప్ బాగుంది కదా, కాళ్లు ఎలా ఉంటే ఏం అనుకోలేదు.

లండన్ ఫ్లెచర్ సంగతి ఇంకా గట్టిది. ఒహాయోలోని జాన్ కారొల్ అనే చిన్న కాలేజీ, అది కూడా మూడో శ్రేణి పోటీల్లో ఆడేది. ఎత్తు అయిదడుగుల పదంగుళాలు. 1998 డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు గడిచినా ఒక్క జట్టూ పేరు పిలవలేదు. డ్రాఫ్ట్ అయ్యాక సెయింట్ లూయిస్ రామ్స్‌లో చేరి, మొదట కిక్‌లు కాచే స్పెషల్ టీమ్స్ పనితో సరిపెట్టుకున్నాడు. ఆ తర్వాత 16 సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా మానకుండా 256 ఆడాడు.

ఈ కథ వినగానే 'మాదీ చిన్న కాలేజీయే, మేమూ ఫ్లెచర్లమే' అనిపిస్తుంది. జాగ్రత్త. ఫ్లెచర్ గురించి మనం మాట్లాడుకుంటున్నది అలాంటివాళ్లు అరుదు కాబట్టే. చిన్న కాలేజీ నుంచి వచ్చి పేరు తెలియకుండానే ఇంటికెళ్లిపోయిన వాళ్ల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. ముందు పిక్‌లుగా వెళ్లినవాళ్లే సగటున ఎక్కువకాలం నిలబడతారు. కటాఫ్ దాటని రెజ్యూమెను చాలా కంపెనీల్లో మనిషి తెరిచి కూడా చూడడు. ఇది న్యాయమా అంటే కాదు. కానీ ఉంది. కాబట్టి ఇంకా రెండు సెమిస్టర్లు చేతిలో ఉన్నవాళ్లు ఆ అంకె సంగతి ముందు చూసుకోండి. చేయి దాటిపోయినవాళ్లు కటాఫ్ లేని దారులు వెతకండి. చిన్న స్టార్టప్‌లు, ఇంటర్న్‌షిప్‌లు, ఓపెన్ సోర్స్, సీనియర్ల రెఫరల్స్. ఫ్లెచర్‌కు దొరికిన స్పెషల్ టీమ్స్ లాంటి పనే మొదట దొరకొచ్చు. టెస్టింగో, సపోర్టో. చిన్నబుచ్చుకోకండి.

షకీమ్ గ్రిఫిన్ గురించి కూడా చెప్పాలి. నాలుగేళ్ల వయసులో ఎడమ చేయి తీసేయాల్సి వచ్చింది. అయినా సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీకి లైన్‌బ్యాకర్‌గా ఆడాడు. 2018లో కంబైన్‌కు మొదటి జాబితాలో అతని పేరే లేదు. ఆలస్యంగా పిలిచారు. కృత్రిమ చేయి తగిలించుకుని 102 కిలోల బరువును 20 సార్లు ఎత్తాడు. 40 గజాలు 4.38 సెకన్లలో పరుగెత్తాడు. చూసినవాళ్లు నోళ్లు తెరిచారు. అయిదో రౌండ్‌లో సియాటిలే తీసుకుంది. మూడు సీజన్లు, ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లో ఆడాడు. సినిమా అయితే ప్రపంచ చాంపియన్‌ను చేసేవాళ్లు. నిజ జీవితంలో ఒక చోటు సంపాదించుకున్నాడు. నా దృష్టిలో అదేం తక్కువ కాదు. అతని విషయంలో తలుపు తెరిపించింది ఆ అంకెలే అన్నది కూడా మర్చిపోకూడదు.

మరి మీ టేప్ ఏది?

నా అభిప్రాయం ఇది. మన దగ్గర పిల్లలు కంబైన్‌కు మాత్రమే తయారవుతున్నారు. టేప్ ఎవరి దగ్గరా ఉండటం లేదు. ఇందులో తప్పు పిల్లలది ఒక్కటే కాదు. ఫ్లెచర్ కాలేజీ ఎంత చిన్నదైనా ఆడటానికి మ్యాచులు ఉన్నాయి. మన చాలా కాలేజీల్లో నాలుగేళ్లూ మ్యాచ్ ఉండదు, పరీక్షలే ఉంటాయి. కాబట్టి మీ మ్యాచ్ మీరే వెతుక్కోవాలి.

ఎలా అంటే, మొదట మీకు కావాల్సిన ఉద్యోగం రోజూ ఏం అడుగుతుందో తెలుసుకోండి. ఆ పని చేస్తున్న సీనియర్‌కు ఫోన్ చేసి, "అన్నా, నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశావు?" అని అడగండి. 'ఏ కోర్సు నేర్చుకోమంటావు' అని కాదు. వచ్చే జవాబు మీకు ఆశ్చర్యం కలిగిస్తుంది. కొత్త కోడ్ రాయడం తక్కువ, పాత కోడ్ చదవడం, ఎవరికో వివరించడం, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎక్కువ.

తర్వాత ఆ పని చిన్న స్థాయిలో చేసి, ఆధారం దాచుకోండి. సాఫ్ట్‌వేర్ అయితే ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో బగ్ పట్టుకుని, దాన్ని ఎలా పట్టుకున్నారో పేజీ రాయండి. సివిల్ అయితే మీ వీధి డ్రైన్ ఎందుకు పొంగుతోందో కొలతలు తీసి డ్రాయింగ్ వేయండి. కామర్స్ అయితే మీ మేనమామ కిరాణా కొట్టు మూడు నెలల లెక్కలు సర్ది, ఎక్కడ డబ్బు ఇరుక్కుపోయిందో చూపించండి. ఒక్కటి చాలు. కానీ అందులో ప్రతి అడుగూ మీరే వేసి ఉండాలి. తప్పుటడుగులతో సహా.

చివరగా, స్కౌట్ రాసినట్టు మీ మీద మీరే ఒక పేజీ రిపోర్టు రాసుకోండి. బలాలు రాసేటప్పుడు ఒక్కోదానికి ఒక ఆధారం ఉండాలి. ఆధారం లేకపోతే కొట్టేయండి. బలహీనతలు రాసేటప్పుడు 'నేను అతిగా కష్టపడతాను' లాంటి ఇంటర్వ్యూ కబుర్లు వద్దు. 'ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు మించి మాట్లాడలేను' అని నిజం రాయండి. ఆఖరి వరుసలో, చేరిన మొదటి ఆర్నెల్లలో ఆ కంపెనీకి ఏ పనికొస్తారో రాయండి. ఆ వరుస రాయలేకపోతున్నారంటే ఉద్యోగం గురించి మీకింకా తెలియదన్నమాట.

కాదన్నారంటే...

32 జట్లు. ప్రతి జట్టుకూ జీతాలిచ్చి పెట్టుకున్న స్కౌట్లు. ఏడాది పొడవునా వీడియోలు, కొలతలు, డాక్టర్లు, ఇంటర్వ్యూలు. ఇంత చేసినా కర్రీ విషయంలో పొరబడ్డారు, ఫ్లెచర్‌ను అందరూ వదిలేశారు. మరి ఇరవై నిమిషాల్లో మీ గురించి తేల్చేసిన ప్యానెల్ పొరబడదంటారా? కాదన్నప్పుడు బాధపడండి, ఫర్వాలేదు. నా స్నేహితులు కొందరు ఆ 'కాదు'ను తమ మీద తీర్పుగా తీసుకుని ఏళ్లకేళ్లు గదుల్లోనే ఉండిపోయారు. మీరు అలా చేయకండి. అది ఆ రోజు, ఆ గదిలో, వాళ్లకు కనిపించినదాని మీద వేసిన అంచనా. అంతే.

ఎంపికైతే అన్నీ అయిపోయినట్టూ కాదు. కర్రీ కథ కూడా ఆ వేరే జట్టు దగ్గర ఆగిపోలేదు. ఆట మానేశాక తనను వదులుకున్న సియాటిల్‌కే తిరిగొచ్చి, శిక్షణ సిబ్బందిలో చేరాడు. అప్పటికి అక్కడ లైన్‌బ్యాకర్ బాబీ వాగ్నరే. 2023లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్ల కోచ్‌గా వెళ్లాడు. ఒకప్పుడు తాను తడబడిన పనే అక్కడ కుర్రాళ్లకు నేర్పాడు.

వచ్చే వారం మాక్ టెస్ట్ ఉందా? రాయండి, బాగా రాయండి. అది అయ్యాక ఆ సీనియర్‌కు ఫోన్ చేయడం మాత్రం మర్చిపోకండి.